బ్రాకెట్లో (1): ఒక సులభ మార్గదర్శి

ఫైళ్లకు గంపగుత్తగా పేర్లు మార్చడంలో మొదటి సూత్రం, బుర్రకు పని పెట్టకపోవడం. విండోస్‌లో ఫొటోలన్నీ సెలెక్ట్ చేసి, ఎఫ్2 నొక్కి, ‘పెళ్లి’ అని కొట్టి ఎంటర్ చేయండి. పెళ్లి (1), పెళ్లి (2) అంటూ అంకెలు అదే వేసుకుపోతుంది. ఆ బ్రాకెట్‌కు అర్థమేమిటని మాత్రం అడక్కండి. ఇక్కడ (2) అంటే వేరే ఫొటో. డౌన్‌లోడ్స్‌లో ‘ఆధార్ (2)’ అంటే చాలావరకు అదే కార్డును మళ్లీ దింపుకున్నామని. కాపీ చేసేటప్పుడు పడిన (2) అయితే, పేరు ఒకటే, లోపల ఏముందో దేవుడికెరుక. ఇన్ని అర్థాలున్న గుర్తు దేన్నీ గుర్తుపట్టడానికి పనికిరాదు. ‘ఇవి రెండూ ఒకటేనా, వేరా’ అన్న ప్రశ్నను రేపటికి నెట్టడానికి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది. మనకు కావలసిందీ అదే కదా.

రెండో సూత్రం: పెళ్లికి రెండు కెమెరాలు పెట్టి, రెండు కార్డులూ ఒకే ఫోల్డర్‌లో పొయ్యండి. చాలా కెమెరాల్లో అంకె నాలుగు స్థానాలే. 9999 దాటితే మళ్లీ 0001. కాబట్టి డీఎస్‌సీ_0412 రెండు కార్డుల్లోనూ ఉండొచ్చు. కొన్నేళ్లు వాడితే ఒకే కెమెరాలోనూ రెండోసారి పుడుతుంది. విండోస్ అడుగుతుంది: రీప్లేస్ చేయాలా, స్కిప్ చేయాలా? రీప్లేస్ అంటే ఆడపెళ్లివారి వైపు తీసినవి పోతాయి, స్కిప్ అంటే మగపెళ్లివారివి రావు. తెలివైనవారు రెండూ ఉంచమంటారు. ఆ తర్వాత ఇంట్లోవాళ్లు ఆల్బమ్‌కని 412, 418, 425 అని కాగితం మీద రాసి స్టూడియోకి పంపుతారు. ఒక 412లో జీలకర్ర–బెల్లం, ఇంకో 412లో భోజనాల బంతి. ఏది వేయాలో స్టూడియో అబ్బాయి తేలుస్తాడు, లేదా తేల్చడు. ఊళ్లో నలుగురు వెంకటేశ్వర్లు ఉంటే ఇంటిపేరుతో తెమిలే సంగతిది. కెమెరా పేరు ముందు తగిలిస్తే చాలు. అంత పొడుగు పేర్లెందుకు, తీసిన తేదీ, సమయం పెడితే సరిపోదా అంటారు. సరిపోదు. తలంబ్రాల వేళ ఒక్క సెకనులో అయిదారు ఫొటోలు పడతాయి. పైగా రెండు కెమెరాల గడియారాలు ఒకటే సమయం చూపిస్తాయన్న పూచీ లేదు.

డిస్కులు చవకే, అన్నీ ఉంచేస్తే పోయేదేముంది అనేది ఇంకో వాదన. డిస్కు చవకే, వెతికేవారి ఓపిక కాదు. నిజానికి రెండు ఫైళ్లు అక్షరాలా ఒకటేనా అని చూడటం కంప్యూటర్‌కు చిన్న పని. ఫైలు లోపలిదంతా చూసి కట్టే ఎస్‌హెచ్‌ఏ–256 లెక్క రెంటికీ ఒకటే వస్తే ఒకదాన్ని నిశ్చింతగా తీసేయొచ్చు. అయితే వాట్సాప్‌లో వచ్చిన ఫొటో సాధారణంగా కుదించినది గనుక అదే బొమ్మ అయినా లెక్క వేరుగా వస్తుంది. అక్కడ మనిషి కూర్చుని చూడాల్సిందే. బ్రాకెట్లు పుట్టేదీ ఇందుకే. ఆ కూర్చునే గంట ఎవరి దగ్గరా ఉండదు, ఉన్నా దానికి ఖర్చుపెట్టబుద్ధి కాదు.

లినక్స్ వాడేవారికి ఈ బ్రాకెట్ల తంటా లేదు. పేర్లు మార్చే ఎంవీ ఆదేశానికి మైనస్ ఎన్ గానీ మైనస్ ఐ గానీ తగిలించకపోతే పాతదాని మీద కొత్తది మారుమాట లేకుండా ఎక్కేస్తుంది. 1ని 2గా, 2ని 3గా జరపాలన్నా మొదటి నుంచే మొదలుపెట్టండి, చివరికి ఒక్కటే మిగిలి ఫోల్డర్ శుభ్రంగా ఉంటుంది. (చివరి నుంచి వెనక్కి వస్తే అన్నీ మిగులుతాయి.)

తెలుగులో పేరు పెడితే గొడవ ఉండదనుకునేవారికి ఓ మాట. ‘పైరు’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒక కోడుగానూ రాయొచ్చు, ఎత్వానికి ఇంకో గుర్తు కలిపి రెండు కోడ్లుగానూ రాయొచ్చు. తెరమీద తేడా కనబడదు. లినక్స్‌లో అయితే రెండు ‘పైరు’లూ ఒకే ఫోల్డర్‌లో, బ్రాకెట్ అవసరం కూడా లేకుండా, పక్కపక్కనే ఉంటాయి.

మళ్లీ విండోస్‌కు వస్తే, పవర్‌రీనేమ్ లాంటి పరికరాలు పాత పేరు, కొత్త పేరు ముందే పక్కపక్కన చూపిస్తాయి. చూడకుండా అప్లై నొక్కడం మన ఆనవాయితీ. పేర్లు మారితే కంట్రోల్ జడ్ ఉంది. రీప్లేస్ అయిన ఫైలు మాత్రం రీసైకిల్ బిన్‌లో కూడా దొరకదు.