స్విచ్ పెట్టె మీది వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: 8 పోర్ట్ పీఓఈ స్విచ్, పోర్టుకు గరిష్ఠం 30 వాట్లు, మొత్తం 65 వాట్లు.

ప్రతిపదార్థం: 8 పోర్ట్ = ఎనిమిది రంధ్రములు గలదియు; పీఓఈ = నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే కరెంటును గూడ పంపునదియు; పోర్టుకు గరిష్ఠం 30 వాట్లు = ఒక్కరు అడిగినచో అంతవరకు ఇయ్యగలదియు; మొత్తం 65 వాట్లు = (చిన్న అక్షరములతో) అందరును అడిగినచో ఇయ్యలేనిదియు; స్విచ్ = అగు పెట్టె.

తాత్పర్యం: విశాఖపట్నం ద్వారకా నగర్‌లో అంతస్తు మీద అంతస్తుగా పేరుకున్న కోచింగ్ సెంటర్లకూ షాపులకూ ఈ పెట్టెతో పని పడుతూనే ఉంటుంది. జనం గుమిగూడే సంస్థల్లో సీసీ కెమెరాలు ఉండాలని ఆంధ్రప్రదేశ్‌లో 2013లో చట్టమే వచ్చింది. కెమెరా బిగించే మూలన ప్లగ్గు పాయింటు ఉండదు గనుక కరెంటు కూడా కేబుల్‌లోనే రావాలి. కొనేవారు మాత్రం మూలంలో మొదటి మాట చదివి, రంధ్రాలు లెక్కపెట్టి డబ్బిచ్చేస్తారు. ఈ వాక్యానికి అన్వయం చివరి నుంచి చెప్పుకోవాలన్నదే నా వాదం. ఆరు కెమెరాలు, రెండు వైఫై పరికరాలు ఉన్నాయనుకుందాం. పగలు కెమెరాకు 4 వాట్లు, వైఫైకి 12 చొప్పున మొత్తం 48. ఇబ్బంది లేదు. చీకటి పడ్డాక ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి కెమెరా ఒక్కోటి 8 లాగితే లెక్క 72కు చేరుతుంది. 65లో 72 ఎలా ఇముడుతుంది? చాలా స్విచ్‌లలో ముందు కోత పడేది చివరి పోర్టులకే. అంటే దొంగ బయల్దేరే వేళకు కెమెరా నిద్రపోతుంది.

పూర్వపక్షం: ఐఈఈఈ ప్రమాణం ఉన్న పెట్టె కొంటే చాలదా? చాలదు. 2003 నాటి 802.3ఏఎఫ్ ప్రకారం పోర్టుకు 15.4 వాట్లు, 2009 నాటి 802.3ఏటీ ప్రకారం 30. ఇవి ఒక్కో పోర్టు సంగతి చెబుతాయి, పెట్టె మొత్తం పూచీ కాదు. పైగా ఆ 15.4లో 100 మీటర్ల అవతల పరికరానికి పూచీ ఉన్నది 12.95కే, మిగతాది తీగలో వేడిగా పోవచ్చు. చవగ్గా దొరికే రాగి పూత అల్యూమినియం తీగలో ఈ నష్టం మరింత ఎక్కువ. అయినా ప్రమాణాన్ని తీసిపారేయకూడదు. అది ఉన్న స్విచ్ ముందు చిన్న వోల్టేజీ పంపి, అవతల 25 కిలోఓమ్‌ల గుర్తు కనిపిస్తేనే సుమారు 48 వోల్టుల వద్ద కరెంటు వదులుతుంది. ఈ ప్రమాణం పాటించని ప్యాసివ్ రకం అడగదు, కరెంటు పెట్టడమే. పొరపాటున దానికి వేరే పరికరం తగిలిస్తే కాలిపోవచ్చు.

మేనేజ్డ్ స్విచ్ కొనాలనే వారి మాటలోనూ పస లేకపోలేదు: మొరాయించిన కెమెరాను కుర్చీలోంచే ఆపి మళ్లీ వేయొచ్చు. రాత్రి కాపలాదారు లేని భవనానికి అది కావాలి. మనిషి ఉన్నచోట కేబుల్ పీకి పెట్టినా అదే పని అవుతుంది గనుక, ఆ మిగిలిన డబ్బుతో 120 వాట్ల సాదా పెట్టె కొనడం మేలు.