రిమోట్ బాబాయి

రంగూనులోని చిమిండైంగ్‌లో ఆ బాబాయి వీధి మలుపు తిరిగాడంటే తల్లులు ముందు బొమ్మ కార్లను లోపల పెట్టి, ఆ తర్వాత పిల్లల్ని పిలుస్తారు. ఆయన దొంగేం కాదు. దొంగకి కారు కారులా ఉంటేనే విలువ, ఈయనకి విప్పాకే. "రెండ్రోజులు ఇయ్యరా, రిమోటుతో నడిచేట్టు చేసిస్తాను" అంటాడు. అలా నమ్మి ఇచ్చిన కుర్రాడొకడు ఇప్పుడు ట్యాక్సీ నడుపుతున్నాడు. వాడి బొమ్మకి మాత్రం ఇంకా వైరింగు జరుగుతోంది.

తాతల కాలంలో వీళ్లవాళ్లు కోస్తా నుంచి ఓడెక్కి రంగూను రేవులో బస్తాలు మొయ్యడానికి వచ్చారు. మనవడైన బాబాయి గ్రాముల దగ్గర పేచీ పెడతాడు. పెట్టాల్సిందే మరి! 1:64 కొలతలో అసలు కారు ఏడు సెంటీమీటర్లకి కుదించుకుపోతుంది. అందులో మోటారు, బ్యాటరీ, రిసీవరు, చక్రాలు తిప్పే ఏర్పాటు, అన్నీ పట్టాలి. అడుగున రివెట్లు డ్రిల్లుతో తొలిచి, చచ్చిన సెల్‌ఫోన్లోంచి వైబ్రేషన్ మోటారు పీకి పెడతాడు. ఆ మోటారు కొసన ఓ పక్కకి ఒరిగిన బరువుంటుంది, ఫోను వణికేది దానివల్లే. అది తియ్యడం మరిచి బిగించిన రోజున కారు ముందుకు పోలేదు సరికదా, పూనకం వచ్చినట్టు ఊగింది. "సస్పెన్షన్ చూస్తున్నానులే" అన్నాడు బాబాయి తొణక్కుండా.

మరలన్నీ నడుముకి చుట్టిన లోంజీ ముడిలో దోపుకుంటాడు. లేచి నిలబడ్డప్పుడల్లా సగం బండి నేలమీద ఉంటుంది.

పని మధ్యలో స్టీరింగు ఏ పక్కనుండాలన్న ఉపన్యాసం ఉంటుంది. 1970లో బర్మాలో బళ్లు ఎడమపక్క నుంచి కుడిపక్కకి మారాయి. స్టీరింగులు మాత్రం చాలావాటికి కుడివైపే ఉండిపోయాయి, జపాన్ నుంచి దిగినవి కాబట్టి. ముందు బండిని దాటాలంటే పక్క సీటువాడు తొంగిచూసి చెప్పాలి. అందుకని తన బొమ్మకి పక్క సీటులో ఓ మనిషిని పెట్టాలని బాబాయి పట్టుదల. ప్లాస్టిక్ మనిషిని చెక్కడానికి పోయిన కాలంలో లారీకైనా మోటారు బిగించొచ్చు.

చార్జింగుదో పెద్ద కథ. 3.7 వోల్టుల బుల్లి బ్యాటరీ 4.2కి ఎక్కాలి, ఈలోగా కరెంటు పోతుంది. ఏ అర్ధరాత్రో వస్తే పిన్ని మోటారేసి నీళ్లు పట్టడానికి లేస్తుంది, బాబాయి కారుకోసం లేస్తాడు. ప్లగ్గు ఒక్కటే. మర్నాడు మొగుడి ముఖం చూస్తే ఎవరు నెగ్గారో తెలిసిపోతుంది.

ఎట్టకేలకు ఓ సాయంత్రం సందులో ప్రదర్శన పెట్టాడు. బండి ఒళ్లంతా లోహం, లోపలున్న యాంటెన్నాకి సిగ్నల్ అందదు. అందుకని వెనకద్దంలోంచి తీగ బయటికి తీశాడు. బటన్ నొక్కాడు, కదల్లేదు. రిమోటు కిందపెట్టి బీడీ వెలిగించగానే కారు దూసుకుపోయి టీకొట్టు బల్ల కింద దూరింది. జనం చప్పట్లు కొట్టారు. బాబాయి వినయంగా తలవంచాడు. తీరా చూస్తే ఎదురింటి అరుగుమీద ఓ బుడ్డోడు తన బజారు జీపు రిమోటు నొక్కుతున్నాడు. రెండూ 27 మెగాహెర్ట్జ్‌వే.

"2.4 గిగాహెర్ట్జ్ పెడితే ఏ రిమోటు మాట ఆ బండే వింటుంది. మళ్లీ విప్పాలి" అన్నాడు బాబాయి, కళ్లు మెరుస్తుండగా.

"ఇంకెన్నాళ్లయ్యా?" అంది పిన్ని.

"1898లోనే టెస్లా న్యూయార్కులో తీగ లేకుండా పడవ నడిపాడే! ఆయన్నెవరైనా ఎన్నాళ్లని అడిగారా?"

"అడగడానికి ఆయనకి పెళ్లెక్కడైంది?" అంది పిన్ని, టీకొట్టు బల్లకింది కారుని కాలితో ఇవతలికి లాగుతూ.