లెక్చరర్ల చదువు మాన్పించడం ఎలా?

కొత్తగా వైస్ ఛాన్సలర్ కుర్చీ ఎక్కారా? ముందుగా పుస్తకాల పిచ్చి ఉన్న లెక్చరర్‌ను కనిపెట్టండి. పాఠం చెప్పి ఊరుకునే రకం కాదు. కొత్తదేదో నేర్చుకుంటానంటాడు, సిలబస్ మారుద్దామంటాడు. ముదరకముందే వైద్యం మొదలుపెట్టాలి.

యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన అని ఉంది. దాన్ని మీరు పెంచి చెడ్డపేరు తెచ్చుకోనక్కర్లేదు. ఖాళీలు నింపకుండా ఉంచండి, అదే పెరుగుతుంది. ఇంకా తీరిక మిగిలితే విద్యాసంస్థలకు గుర్తింపునిచ్చే న్యాక్ పని అప్పజెప్పండి. ఏడు క్రైటీరియాలు, ప్రతి సెమినార్‌కూ జియోట్యాగ్ ఫొటో. సెమినార్‌లో ఏం మాట్లాడారన్నది ఎవరూ అడగరు లెండి.

ఎవరైనా మేడమ్ రిఫ్రెషర్ కోర్సుకు వెళ్తానంటే కాదనకండి. "అలాగే మేడమ్, మరి మీ క్లాసులు ఎవరు తీసుకుంటారు?" అని మర్యాదగా అడగండి చాలు. ప్రమోషన్‌కు సర్టిఫికెట్ తప్పదు కనుక ఆవిడ ఆన్‌లైన్‌లో చేరి, కెమెరా ఆపేసి, జవాబు పత్రాలు దిద్దుకుంటుంది. నేర్చుకోవడం సర్టిఫికెట్ దగ్గర ఆగిందంటే మీ పని సగం అయినట్టే.

పరిశోధన సంగతి యూజీసీయే చూసుకుంటుంది. ఏ జర్నల్‌లో రాయాలో చెప్పడానికి కేర్ జాబితా తెచ్చింది, 2025లో దాన్నే ఎత్తేసింది.

అన్నిటికన్నా బాగా పనిచేసే మందు కాంట్రాక్టు. అదే క్లాసు, అదే సిలబస్, జీతం మాత్రం వేరు. పార్ట్‌టైమ్ వాళ్లకైతే గంటల లెక్క. రెన్యువల్ ఆర్డరు చివరి నిమిషం దాకా ఇవ్వకండి. వచ్చే ఏడాది ఉంటానో లేదో తెలియనివాడు కొత్త కోర్సు ఎందుకు తయారుచేస్తాడు? పర్మనెంట్ వాళ్లతో కలిసి కూర్చోకుండా గది కూడా విడిగా ఇస్తే ఇంకా మంచిది.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే అమెరికా మనస్తత్వవేత్తలు ఇష్టంగా పనిచేయడానికి మనిషికి మూడు కావాలన్నారు: తన నిర్ణయం తనదన్న భావన, చేయగలనన్న నమ్మకం, తోటివారితో అనుబంధం. వాళ్లు ఏ ఉద్దేశంతో చెప్పారో గానీ, ఎక్కడెక్కడ దెబ్బ కొట్టాలో మీకు పట్టిక రాసిచ్చారు.

ఇంత చేసినా ఒకరిద్దరు మొండివాళ్లు సొంత డబ్బుతో పుస్తకాలు కొని, రాత్రిళ్లు చదివి, తెల్లారి క్లాసులో కొత్త ముక్క చెబుతూనే ఉంటారు. వాళ్లను పరీక్షల విభాగంలో వేసెయ్యండి.