‘హారన్ ప్లీజ్’ థీసిస్

సాలూరు షెడ్డులో తయారయ్యే లారీకి చాసిస్ కంపెనీది, బాడీ మనవాళ్లది. మన పరిశోధక విద్యార్థి అంతకు మించినోడు. చాసిస్సూ బాడీ రెండూ థీసిస్‌ల భండారం శోధ్‌గంగా నుంచే దించేస్తాడు. వెనకాల రాసే ‘హారన్ ప్లీజ్’ ఒక్కటే సొంతం.

ఓ కుర్రాడు సవర భాష మీద పడ్డాడు. “లైబ్రరీ కేటలాగు చూశావేటి బాబూ?” అనడిగితే, “చూశానండి, ఏటీ నేదు” అన్నాడు. ఏం కొట్టాడో చూద్దును కదా, ‘సాలూరు మన్యంలో సవరల భాష, సంస్కృతి, సామాజిక, ఆర్థిక స్థితిగతులు: ఒక పరిశీలన’ అని మొత్తం కొట్టాడు. ఆ పేరుతో పుస్తకమే ఉంటే ఇక నువ్వు రాసేదేటి నాయనా!

భాషావేత్తలు సవరను ‘సోరా’ అని కూడా రాస్తారు, అలా వెతకమన్నాను. గూగుల్లో కొట్టాడు. అదే పేరుతో వీడియోలు పుట్టించే ఏఐ తగిలింది. అరగంట అక్కడే పరిశోధన.

‘ఒకే దేశం ఒకే చందా’ అని కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టి, సర్కారీ విద్యాసంస్థలకు దాదాపు 13,000 జర్నళ్లు తెరిచింది. మనవాడు తెరిచింది వాట్సాప్ గ్రూపు: “అన్నా, పీడీఎఫ్ ఉంటే పెట్టవా?”

గిడుగు రామమూర్తి గారికి ఏ సెర్చ్ బాక్సూ లేదు. తెలుగొచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లిషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. కేటలాగులో రచయిత పేరు కొట్టి చూడు బాబూ.