కూర్చోండి, సారొస్తడు

నేను పోలీస్ స్టేషన్ వరండాలో బెంచీని. టేకు చెక్క, ఇనుప కాళ్లు. రాష్ట్రం ఒకటిగా ఉన్న రోజుల్లో ఈ ఊరి వడ్రంగే నన్ను చేసి, సెంట్రీ నిలబడే చోటికి ఎడమ పక్కన గోడకు ఆనించి పోయాడు. పెంకులు పోయి స్లాబు పడింది. 2014లో గేటు మీది బోర్డు మారింది. లోపల రిసెప్షన్‌కు అద్దాల గది వచ్చింది. నా మీద కూర్చునే వాళ్ల బాధలు మాత్రం అవే. పొలం గట్టు తగాదా, తాగొచ్చి కొట్టిన మొగుడు, పోయిన బండి. వాటికి ఏదో ఒక రోజు ముగింపు ఉంటుంది. రాజీ పడతారు, కోర్టుకెక్కుతారు, విసిగి మానుకుంటారు. ఇంట్లో మనిషి కనిపించడం లేదని వచ్చినవాళ్లకు ఏ ముగింపూ లేదు. నేను చెప్పేది వాళ్ల గురించి, ముఖ్యంగా ఒక తల్లీతండ్రీ గురించి.

ఆ రాత్రి వచ్చినప్పుడు ఇద్దరూ చెప్పులు గేటు దగ్గరే విడిచారు. అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. పొద్దున కాలేజీకి పోయింది, దీపాలు పెట్టే వేళకూ రాలేదు, ఫోన్ స్విచాఫ్.

"ఎన్నేండ్లమ్మా?" అన్నాడు సెంట్రీ.

"పందొమ్మిది నడుస్తున్నయి సార్."

"మేజరే గదా. దోస్తుల ఇంటికి పోయుంటది. సారు బందోబస్తుకు పోయిండు. కూర్చోండి, సారొస్తడు."

కూర్చున్నారు. నడిరాత్రి దాటాక పొద్దున రమ్మని పంపించారు. ఇరవై నాలుగు గంటలు ఆగితే గానీ కేసు కట్టకూడదని ఎక్కడో రాసి ఉందని జనం నమ్ముతారు. కొందరు పోలీసులూ అదే చెబుతారు. అలాంటి నిబంధన ఏ చట్టంలోనూ లేదు. ఆ మొదటి రాత్రే పెట్రో కారు క్రాస్ రోడ్డు దాకా వెళ్లి, ఆటో అడ్డా మీద నలుగురిని అడిగి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. కానీ ఎవరూ వెళ్లలేదు.

మర్నాడు పొద్దున హెడ్డుగారు వాళ్లనే ప్రశ్నలడిగాడు. ఫోన్‌లో ఎవరితో మాట్లాడేది? ఇంట్లో తిట్టినారా? సంబంధాలు చూస్తున్నారా? అడగవలసిన ప్రశ్నలే, కాదనను. వెతకడానికి దారి దొరకాలంటే అడగాలి. కానీ ఆయన వెతకడం మొదలుపెట్టడానికి అడగలేదు, వెతకక్కర్లేదని తేల్చుకోవడానికి అడిగాడు. "ఎవరితోనో పోయుంటది, వారం పది రోజులైతే పెండ్లి చేసుకొని వాళ్లే స్టేషన్‌కు వస్తరు" అన్నాడు. అలా వచ్చిన జంటలు నా మీద కూర్చున్న మాట నిజం. ఆ జంటల వల్ల ఈ తల్లి మాటకు విలువ లేకుండా పోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఆమె ఏడుస్తుంటే చెక్క అదిరింది. తండ్రి తలెత్తలేదు. బిడ్డ కనిపించకపోవడం ఒక దుఃఖం. నలుగురిలో ఆ బిడ్డ నడవడి గురించి సంజాయిషీ చెప్పుకోవడం ఇంకో దుఃఖం. మొదటిది ఎవరు పెట్టారో తెలియదు గానీ రెండోది పెట్టింది ఈ వరండానే.

దరఖాస్తు రాయడానికి తెల్లకాగితాలు వాళ్లే కొనుక్కొచ్చారు. బయట టీకొట్టు దగ్గర ఒక ముసలాయన రాసిచ్చాడు. ఫొటో కావాలన్నారు. అమ్మాయికి విడిగా ఫొటో లేదు. కాలేజీ గుర్తింపు కార్డులోదాన్ని పెద్దది చేయించి తెచ్చాడు తండ్రి. కాలేజీ ముద్ర అందులో అలాగే ఉండిపోయింది. ఎడమ భుజం మీద నీలం రంగు అర్ధచంద్రం, దాని కింద మడత పెట్టిన దుపట్టా. రైటర్ ఆ ఫొటోను కాగితానికి పెట్టి పిన్ను కొట్టాడు. పిన్ను సరిగ్గా జుట్టులోకి దిగింది. తల్లి చెయ్యి తన తలమీదికి పోయింది.

మూడో రోజున ఎఫ్‌ఐఆర్ అయింది. 'ఉమన్ మిస్సింగ్' అని కట్టారు. ఇక్కడి స్టేషన్లలో పెద్దవాళ్లు తప్పిపోతే ఇలాగే రాస్తారు, నేరం సెక్షన్ ఏదీ ఉండదు. సెక్షన్ లేని కేసుకు తొందర కూడా ఉండదు. పద్దెనిమిది నిండని పిల్లల గురించైతే 2013 మే నెలలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. బిడ్డ తప్పిపోయిందంటే కిడ్నాపో అక్రమ రవాణానో జరిగిందని భావించి కేసు కట్టి తీరాలంది. అదే ఏడాది నవంబరులో లలితాకుమారి కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం, నేరం జరిగినట్టు ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు వెనక ఉన్నదీ కిడ్నాపైన ఒక బాలిక కోసం స్టేషన్ చుట్టూ తిరిగిన తండ్రే. పందొమ్మిదేళ్ల పిల్ల ఈ రెండింటి మధ్యలో పడిపోయింది. పిల్ల కాదు, నేరం జరిగిందని చెప్పే ఆధారమూ లేదు. ఆధారం వెతికితే కదా దొరికేది.

క్రాస్ రోడ్డులో కిరాణా కొట్టు మీద కెమెరా ఉంది. అమ్మాయి ఆటో ఎక్కడం అందులో పడి ఉంటుందని తండ్రి మొదటి పూటే చెప్పాడు. అలాంటి కెమెరాల రికార్డరులో చోటు కొద్దిగానే ఉంటుంది, నిండగానే కొత్త దృశ్యం పాతదాన్ని తుడిచేస్తుంది. ఈ సంగతి స్టేషన్‌లో అందరికీ తెలుసు. దసరా బందోబస్తు ముగిశాక కానిస్టేబుల్ పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్లాడు. అప్పటికి ఆ రోజు చెరిగిపోయింది. తిరిగొచ్చి హెల్మెట్ నా మీద పెట్టి, "పోయింది సార్" అని లోపలికి చెప్పాడు. అతని గొంతులో సిగ్గు వినిపించింది. అందుకే అతని మీద నాకు కోపం లేదు. ఉన్న పది మందినే జాతరకూ, మంత్రిగారి పర్యటనకూ, పరీక్షా కేంద్రాలకూ పంచితే కెమెరా దగ్గరికి ఎవరు పోతారు? నా కోపం ఆ పంపకం మీద. అన్ని పనులూ అయ్యాక మిగిలిన టైములోనే మనిషిని వెతుకుతారు.

జనం రాలేదా అంటే వచ్చారు. రెండో వారంలో ఊరు ఊరంతా ట్రాక్టర్ల మీద వచ్చి హైవే మీద బైఠాయించింది. "పోలీసులు ఏం చేస్తున్నరు, జవాబు చెప్పాలె" అని ఆడవాళ్లు గేటు పట్టుకుని ఊపారు. డీఎస్పీ వచ్చి నాలుగు బృందాలు వేశామన్నాడు, నాలుగు రోజులు టైమివ్వమన్నాడు. కుర్రాళ్లు కొవ్వొత్తులు వెలిగించారు. ఆ తర్వాత వరి కోతలొచ్చాయి, ఎన్నికలొచ్చాయి. ఊళ్లో కొందరు, మొదట గేటు ఊపినవాళ్లే, "ఏమో, పిల్ల ఏం చేసిందో" అనడం మొదలుపెట్టారు. ఆ మాట తండ్రే నా మీద కూర్చుని ఇంకొకరితో చెప్పుకున్నాడు.

2019 ఏప్రిల్ నెలాఖరులో వరండాలో పేపర్లు చేతులు మారాయి. యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలం హాజీపూర్‌లో, బడి నుంచి ఇంటికి బయలుదేరిన తొమ్మిదో తరగతి పిల్ల శవం పాడుబడ్డ బావిలో దొరికింది. అదే బావిలో నెలన్నర కిందట కనిపించకుండా పోయిన కాలేజీ అమ్మాయి. దగ్గర్లోని ఇంకో బావిలో 2015లో తప్పిపోయిన పదకొండేళ్ల పాప ఎముకలు. నాలుగేళ్లు ఆ పాప అక్కడే ఉంది. ఆ ఊరికి సరైన బస్సు లేదు, పిల్లలు బండ్ల మీద లిఫ్టు అడిగి వెళ్లేవాళ్లు. జనం పోలీసుల మీద మండిపడ్డారు, నిందితుడి ఇంటికి నిప్పు పెట్టారు. 2020 ఫిబ్రవరిలో కోర్టు అతనికి ఉరిశిక్ష వేసింది. 2015లోనే ఆ పాప కేసు కొస దాకా వెళ్లి ఉంటే తర్వాతి ఇద్దరూ బతికేవారని ఆ రోజు ఈ వరండాలో పోలీసులే అనుకున్నారు.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్‌లో ఇంటికి రాని వెటర్నరీ డాక్టర్ కోసం ఆమె ఇంటివాళ్లు స్టేషన్‌కు పోతే మా హద్దు కాదన్నారు, ఎవరితోనో వెళ్లి ఉంటుందన్నారు. ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఆమెను చంపిన కేసులో నలుగురు నిందితులను డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర కాల్చి చంపితే జనం పోలీసుల మీద పూలు చల్లారు. కావాలనే కాల్చారని, ఆ కాల్పుల మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఇచ్చిన నివేదిక 2022లో బయటికొచ్చింది. నాకు ఆ పూలవాన నచ్చలేదు. ఆ రాత్రి హద్దుల పేరుతో పోయిన గంటలకు ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న ఆ పూల కింద పడిపోయింది. దేశం మొత్తం చూసిన నోయిడాలోని నిఠారీలో కూడా ఇంతే. 2006 డిసెంబరులో పిల్లల ఎముకలు బయటపడేదాకా తల్లిదండ్రుల ఫిర్యాదులు పట్టించుకున్నవాళ్లు లేరు. 2023 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు దర్యాప్తును తప్పుబట్టి తన ముందున్న కేసుల్లో నిందితులిద్దరినీ నిర్దోషులని తేల్చింది.

వీటిలో శవం దొరికింది కాబట్టి దేశం కదిలింది. మా అమ్మాయి విషయంలో ఏదీ దొరకలేదు. ఏదీ దొరకని ఇంటికోసం ఎవరూ రెండోసారి రోడ్డెక్కరు.

తండ్రి మాత్రం వచ్చేవాడు. ఎస్‌ఐ మారిన ప్రతిసారీ మొదటి నుంచి మొత్తం చెప్పేవాడు: ఏ రంగు డ్రెస్సు, ఏ ఆటో, ఎన్ని గంటలకు. కొత్త సారు ఫైలు చూస్తానని చెప్పేవాడు. ఒక్క మహిళా కానిస్టేబుల్ నిజంగా చూసింది. కాల్ డేటా కాగితాలు నా మీద పరుచుకుని, నంబరు నంబరుకూ గీత పెట్టుకుంటూ, తన సొంత ఫోన్ నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగింది. ఏడాది తిరగకుండా ఆమెకూ బదిలీ అయింది. వెళ్లే రోజు ఆ తల్లికి ఫోన్ చేసి చెప్పి వెళ్లింది.

ఎక్కడ గుర్తు తెలియని ఆడమనిషి శవం దొరికినా వీళ్లకు కబురొచ్చేది. ఒకసారి హైదరాబాదులో మార్చురీకి తీసుకెళ్లి సాయంత్రం తిరిగి తెచ్చారు. తల్లి నా మీద కూర్చుని, "మా బిడ్డ కాదు. పట్టీలు వేరే ఉన్నయి" అంది. కాదన్నందుకు ఆమె మొహంలో ఒక్క క్షణం వెలుగు. వెంటనే ఆ వెలుగుకే వణికిపోయి, "ఆ పిల్ల తల్లికి ఎవరు చెప్పిన్రు సార్?" అని అడిగింది. జవాబు చెప్పేందుకు అక్కడ ఎవరికీ నోరు రాలేదు.

ఏడేళ్లు జాడ లేకపోతే మనిషి చనిపోయినట్టు భావించవచ్చని సాక్ష్యాల చట్టంలో ఉంది. ఈ మధ్య ఒక లాయరు ఆ మాట చెబితే తండ్రి లేచి వెళ్లిపోయాడు. ఆ ఫైలు బీరువాలో ఉంది, ఫొటో పిన్ను తుప్పు పట్టింది.

ఇది చదివే మీకు ఒక మాట. మీ ఇంట్లోనో పక్కింట్లోనో మనిషి కనిపించకపోతే పొద్దున దాకా ఆగకండి, 112కు ఫోన్ చేయండి, పిల్లలైతే 1098కి. ఏ స్టేషన్ దగ్గరుంటే అక్కడికే వెళ్లండి. హద్దు మాది కాదని పంపించే వీలు లేదు, నేరం జరిగిందన్న అనుమానం ఉంటే జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలని 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలోనే రాశారు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. కేసు కట్టకపోతే ఎస్పీకి పోస్టులో రాయండి. ఎవరైనా నిర్బంధించారన్న అనుమానముంటే హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయవచ్చు. దారిలో కెమెరా ఉన్న ప్రతి కొట్టుకూ ఆ పూటే వెళ్లి, రికార్డింగు చెరగకుండా దాచమని బతిమాలండి. ఊరివాళ్లకు చెప్పేది ఇంకొకటుంది. మొదట్లో రోడ్డు మీద కూర్చున్న మీరే ఆరో నెలలోనూ రండి, ఎస్‌ఐ మారినప్పుడల్లా రండి. ఆ తండ్రిని ఒంటరిగా లోపలికి పంపకుండా నలుగురు కలిసి వెళ్లి, దర్యాప్తు ఎంతదాకా వచ్చిందో కాగితం మీద రాసిమ్మని అడగండి.