మామయ్య గుర్రానికి డెక్కలుండవు

మా చిన్న మామయ్య ఉన్నది ఉన్నట్టు గీయడు. చెంబు గీయమంటే అందులోంచి భూతం లేస్తుంది. ఏనుగు గీయమంటే దానికి రెక్కలొస్తాయి. "ఏనుగెక్కడైనా ఎగురుతుందా అండీ?" అని అత్తయ్య అడిగితే, "ఎందుకెగరదూ? దాన్నెవరూ ఎగరమని అడగలేదంతే" అంటాడు.

ఇలాంటి మామయ్య మీ ఇంట్లోనూ ఒకడుండే ఉంటాడు. పగలు గుమాస్తా, పొద్దు గుంకితే పిల్లల ఆస్థాన చిత్రకారుడు. చందమామ పత్రిక 1947 జులైలో మొదలైతే, మామయ్య లెక్కలో లోకం కూడా అప్పుడే మొదలైంది. అందులో శంకర్ గారు గీసిన బేతాళుణ్ణి తలుచుకోనిదే ముద్ద దిగదు. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు ట్రంకుపెట్టెలో, తాళం కింద ఉంటాయి. అత్తయ్య నగలున్న బీరువా తలుపు మాత్రం సరిగా పడదు.

ఆయన గీస్తుంటే చూడాలి. అరబ్లేడుతో పెన్సిలు చెక్కి, మొన నాలిక్కి తాకించి, ఒక కన్ను మూస్తాడు. నీడలు చిటికెనవేలితో రుద్దుతాడు. మేం మీద పడితే, "కదలకండర్రా, రాక్షసుడు లేస్తాడు" అంటాడు. మేం ఊపిరి కూడా బిగబట్టేవాళ్ళం. చాలా ఏళ్ళకి గాని తెలీలేదు, ఆయనకి డెక్కలు గీయడం రాదని. అందుకే ఆయన గుర్రాలన్నీ మోకాలిలోతు గడ్డిలో నిలబడతాయి. వేళ్ళూ రావు. అందుకే రాకుమారులంతా చేతులు వెనక్కి కట్టుకుంటారు.

ఒకసారి అత్తయ్య రాసిచ్చిన పచారీ చీటీ వెనక దారిలోనే రాక్షసుణ్ణి దించాడు. కొట్టాయన ముచ్చటపడి, మనవడికిస్తానని చీటీ దాచేసుకున్నాడు. అందులో ఏం రాసుందో ఇద్దరికీ గుర్తులేదు. ఆ వారం మా ఇంట్లో చారుకి చింతపండు లేదు. మామయ్య మాత్రం "కొట్లో నా బొమ్మ పెట్టారు" అని వీధంతా చెప్పుకొచ్చాడు.

నా అసలు కక్ష వేరే. ఎనిమిదో తరగతిలో సైన్సు రికార్డుకి మందారపువ్వు నిలువుకోత గీసిపెట్టమన్నాను. గీశాడు. కేసరాలకి దీపాలు వేలాడాయి, అండాశయంలో బొటనవేలంత రాకుమారి నిద్రపోతోంది. "ఇది ఏ భాగంరా?" అన్నారు మాస్టారు. "పేరు రాయడం మర్చిపోయానండీ" అన్నాను. గోడకుర్చీ వేయించారు. కుంటుకుంటూ ఇంటికొచ్చి చెబితే మామయ్య నిట్టూర్చి, "పాపం, మీ మాస్టారు ఎప్పుడూ పువ్వులోకి తొంగి చూసుండరు" అన్నాడు.

ఇంతకాలం ఆయన మీద కోపమే అనుకున్నాను. మొన్న మా అమ్మాయి రికార్డు తెచ్చి, "నాన్నా, మందారం గీసిపెట్టవా?" అంది. స్కేలు పెట్టి, పేర్లు రాసి, బుద్ధిగా గీశాను. ఆఖర్న చెయ్యి ఆగలేదు. రక్షకపత్రాల దగ్గర చిన్న తలుపొకటి పెట్టాను. 5కి 3 మార్కులు వచ్చాయి. తలుపు చుట్టూ ఎర్రసిరా సున్నా, పక్కన ప్రశ్నార్థకం.

ఫోన్‌లో మామయ్యకి చెప్పాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు.

"తలుపుకి గొళ్ళెం పెట్టావట్రా?" అన్నాడు.

పెట్టలేదు.