ఇచ్చట మెదళ్లు కడగబడును

మూడేళ్లొచ్చినా బాబుకు మాటలు రాలేదా? దిగులెందుకు, వాడి తలలో పాదరసం గూడు కట్టుకుంది, సీసం పేరుకుపోయింది. కీలేషన్ చేయించండి, అంటే లోహాలను పట్టి ఒంట్లోంచి బయటికి లాగే మందు ఎక్కించండి. సీసంతో పోయిన తెలివి సెలైన్ సీసాతో తిరిగొస్తుంది!

నమ్మకం కుదరకపోతే ఈ డీటాక్స్ క్లినిక్కులవాళ్లు పరీక్ష చేసి మరీ చూపిస్తారు. ముందు లోహాలను లాగే మందు మింగిస్తారు, ఆనక మూత్రం పడతారు. తినే చేపలో, తాగే నీళ్లలో అంతో ఇంతో లోహాలుంటాయి కనుక మందు పడ్డాక ఎవరికైనా అంకె పైకి లేస్తుంది. దాన్ని మందు వేసుకోనివాళ్ల కొలత పక్కన పెడతారు. ఇంకేముంది, రిపోర్టు నిండా ఎర్రగీతలే! ఇందులో ఆరోగ్యవంతుడిగా తేలడానికి పెట్టి పుట్టాలి. ఈ పద్ధతికి శాస్త్రీయ నిర్ధారణ లేదని అమెరికా విషవైద్య నిపుణుల సంఘం 2009లోనే ప్రకటించింది. ప్రకటిస్తేనేం, రిపోర్టు రంగుల్లో ఉందిగా.

కీలేషన్ దొంగ విద్యేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధంలో ఆర్సెనిక్ విషవాయువుకు విరుగుడు వెతుకుతూ ఆక్స్‌ఫర్డ్‌లో దానికి శ్రీకారం చుట్టారు. సీసం విషం ముదిరినవాళ్లకు నేటికీ అదే దిక్కు. కానీ 2005లో పెన్సిల్వేనియాలో ఆటిజం ఉన్న ఐదేళ్ల పసివాడికి డైసోడియం ఈడీటీఏ అనే కీలేషన్ మందు ఎక్కించారు. అది రక్తంలోని కాల్షియాన్ని ఊడ్చేసింది, గుండె ఆగిపోయింది. ఆటిజం పోలేదు, పిల్లవాడే పోయాడు.

పోనీ, నిజంగా సీసం ఎక్కిన పిల్లల మాటేమిటి? అమెరికాలో 780 మందిపై సక్సిమర్ అనే కీలేషన్ మందు వాడి చూశారు. రక్తంలో సీసం దిగింది, తెలివి మాత్రం పెరగలేదు. ఆ ఫలితం 2001లో అచ్చయింది. తర్వాత, సీసం సోకని ఎలుకలకు అదే మందు ఇస్తే వాటి బుద్ధి మందగించింది. ఆ ముప్పు దృష్ట్యా, ఆటిజం పిల్లలపై తలపెట్టిన కీలేషన్ ప్రయోగాన్ని అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ 2008లో విరమించుకుంది. క్లినిక్కులకు అలాంటి మొహమాటాలు లేవు.

యూనిసెఫ్ 2020 అంచనా ప్రకారం మన దేశంలో 27 కోట్లకు పైగా పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేదా ఆపైన ఉంది. పాత బ్యాటరీలు కరిగించే బట్టీలు, రంగు కలిపిన పసుపు, గోడల పెయింట్లు దాని దారులు. ఆ దారులు మూస్తే ఎవరికీ ప్యాకేజీ అమ్ముడుపోదు, అందుకే ఆ వైపు ఏ డీటాక్స్ బోర్డూ కనబడదు.

అనుమానముంటే ఏ మందూ మింగించకుండా రక్తం తీసి సీసం చూడమనండి. మందు మింగించి మూత్రం పడతామంటే, ఫీజు కట్టకముందే చెప్పులు తొడుక్కుని వచ్చేయండి.